శత్రువు మొక్కకి నాలుగు బకెట్లు

మా ఇంటి గేటు దగ్గర రెండు కాగితం పూల తీగలున్నాయి. ఎడమవైపు ఎర్రది అమ్మది. కుడివైపు తెల్లది పిన్నిది. రెండూ ఒకే ఇనుప ఆర్చ్ మీదికెక్కి, పైన ఒకదాని పీక ఒకటి పట్టుకుని ఉంటాయి. కింద అమ్మా పిన్నీ కూడా అంతే, కాకపోతే వాళ్ళు పూయరు.

పిన్ని అంటే బాబాయి భార్య. ఇల్లు సగం మాది, సగం వాళ్ళది. నాన్నా బాబాయీ ఇప్పటికీ ఒకే బల్ల దగ్గర కూర్చుని క్యారమ్స్ ఆడుకుంటారు. యుద్ధం తోడికోడళ్ళ శాఖ. వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకుని ఎనిమిదేళ్ళయింది. ఏం చెప్పుకోవాలన్నా మధ్యలో నేనుండాలి.

"మీ పిన్నికి చెప్పవే, ఆవిడ మందారం ఆకులన్నీ మా వరండాలో పడుతున్నాయని," అంటుంది అమ్మ, పిన్నికి రెండడుగుల దూరంలో నిలబడి.

"మీ అమ్మకి చెప్పు, ఆకులకి హద్దులు నేర్పే చదువు నేను చదవలేదని," అంటుంది పిన్ని.

నేను నోరు విప్పక్కర్లేదు, నిలబడితే చాలు. ఒకసారి నేను కాలేజీ టూరుకెళ్తే, పిన్ని వంటింట్లో గ్యాస్ లీకవుతున్న వాసన అమ్మకి తెలిసి కూడా, నేను తిరిగొచ్చేదాకా మూడు రోజులు ఆగింది.

ఆ ఏడు ఎండలు మొదలయ్యేసరికి ఆర్చ్ తుప్పుపట్టి ఒక పక్కకి ఒరిగింది. తాతయ్య చేతికర్రతో దాన్ని రెండు పోట్లు పొడిచి తీర్పు చెప్పేశాడు. కొత్త ఆర్చ్ ఒక్క తీగనే మోస్తుంది. వెల్డర్ నెల తర్వాత వస్తాడు. ఆ రోజుకి ఏ తీగకి ఎక్కువ పూలుంటే అది ఉంటుంది. రెండోది వేళ్ళతో సహా పోతుంది.

"రెండూ సమానంగా పూస్తే?" అన్నాడు నాన్న.

"నువ్వెళ్ళి క్యారమ్స్ ఆడుకో," అన్నాడు తాతయ్య.

ఎర్ర తీగని అమ్మ వేలెడు కొమ్మగా పాల ప్యాకెట్లో పెట్టుకుని తెచ్చిందట. అది నాకంటే రెండు నెలలు పెద్దది, ఇంట్లో దానికి నాకంటే మర్యాద కూడా ఎక్కువే. నాకు జ్వరమొస్తే అమ్మ మాత్ర ఎక్కడుందో చెబుతుంది. దానికి పురుగు పడితే ఒక్కో ఆకూ తడిగుడ్డతో తుడుస్తుంది. తీర్పు విన్న రోజు అమ్మ అన్నం తినలేదు. దాని మొదట్లో కూర్చుని, గుల్లగా ఉన్న మట్టినే మళ్ళీ గుల్ల చేస్తూ ఉండిపోయింది. అప్పటిదాకా నాకిదంతా తమాషాగానే ఉంది.

మర్నాడు మా వైపు తోట పైపులో నీళ్ళు రాలేదు. మోటారూ వాల్వూ పిన్ని వాళ్ళ వైపు ఉన్నాయి.

"మీ అమ్మకి చెప్పు, ట్యాంకులో నీళ్ళు తక్కువున్నాయి. ముందు మనుషులు, తర్వాత మొక్కలు," అంది పిన్ని, తన తీగకి చెంబుడు నీళ్ళు పోస్తూ. పిన్ని దేనికైనా చెంబుడే పోస్తుంది. ఇల్లంటుకున్నా అంతే పోస్తుంది.

నేను నర్సరీకి పరిగెత్తి, చచ్చిపోతున్న మొక్కకి మందేదైనా ఉందా అని అడిగాను. నర్సరీ అతను తలెత్తకుండా కుండీల్లో మట్టి నింపుతున్నాడు.

"కాగితం పూలా? నీళ్ళు ఆపేశారా? ఎవరో గానీ పుణ్యాత్ములు," అన్నాడు. "దాహమేస్తేనే అది పూసేది. కడుపునిండా పెట్టావంటే ఆకులేసుకుని కూర్చుంటుంది, మా బామ్మర్దిలాగ."

ఈ సంగతి చెబితే అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నీళ్ళు పోయకపోతే పూలు పూస్తాయా? అన్నం పెట్టకపోతే నువ్వు పాసవుతావా?"

పెట్టినా పాసవలేదు కాబట్టి నేను వాదించలేదు.

ఆ రోజు నుంచి అమ్మ బియ్యం కడిగినవీ, పప్పు కడిగినవీ, కూరలు కడిగినవీ దాచి రోజుకి నాలుగు బకెట్ల నీళ్ళు పోగుచేసేది. మోకాళ్ళ నొప్పితో వాటిని మోసుకుని మెట్లు దిగలేక, తన తీగకి పొయ్యమని నా చేతికిచ్చేది. మధ్యాహ్నం ఇళ్ళన్నీ కునుకు తీస్తుంటే నేను ఆ నాలుగూ మోసుకెళ్ళి పిన్ని తీగకి పోసేదాన్ని. పైన నర్సరీ ఎరువు కూడా వేసేదాన్ని. ప్రపంచ చరిత్రలో శత్రువుకి అంత భోజనం పెట్టిన సైన్యం ఇంకోటి లేదు.

రెండు వారాల్లో అమ్మ తీగ ఆకులు వాడి, ముడుచుకుని, రాలడం మొదలెట్టాయి. పిన్నిది మాత్రం విసనకర్రలంత ఆకులేసింది. పోస్ట్‌మ్యాన్ మా గేటు కనపడక రెండిళ్ళు దాటిపోయాడు.

"మీ అమ్మకి చెప్పు, ఆ ఎండు పుల్లలు పొయ్యిలోకి పనికొస్తాయని," అంది పిన్ని.

అమ్మ నాలుగు బకెట్లు ఐదు చేసింది.

మూడో వారంలో ఒక పొద్దున్న ఎర్ర తీగ పూసింది. పూసిందంటే సరిపోదు, తెగబడింది. ఎండు కొమ్మ కనిపించిన ప్రతిచోటా గుత్తి. ఆకు ఒక్కటి కూడా లేదు, మొత్తం ఎరుపే. రోడ్డు మీద స్కూటర్లు నెమ్మదించాయి. ఎదురింటి కుక్క మొరగడానికి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. అమ్మ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు చూసింది.

"మీ పిన్నికి చెప్పవే," అంది.

"ఏమని?"

"ఏమీ లేదు. ఊరికే చెప్పు."

పిన్ని ఆ రోజంతా తన తీగని ఆకు ఆకూ ఎత్తి చూసుకుంది. ఒక్క మొగ్గ లేదు. ఆ వెతుకులాటలో ఆవిడకి మధ్యాహ్నం నిద్ర పోయింది, నాకు ప్రాణం పోయింది.

"చేతిలో ఏంటే అది?" అని వెనక నుంచి వినిపించింది.

"బకెట్."

"నాకూ కళ్ళున్నాయి. నా మొక్క దగ్గర నీకేం పని?"

నాకు తెలిసిన అబద్ధాలు నాలుగొందల దాకా ఉంటాయి. వాటిలోంచి వెతికి వెతికి ఇది తీశాను: "అమ్మ పొయ్యమంది."

పిన్ని మొహం చూస్తే, చెంపమీద కొట్టినా అంత నొప్పి ఉండదనిపించింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"నువ్వు మాకు నీళ్ళు ఆపిన దగ్గర్నుంచి. రోజుకి నాలుగు బకెట్లు."

"మీ అమ్మకి చెప్పు..." అని ఆగిపోయింది. ఆ తర్వాత, "ఆవిడ దయ నాకు అక్కర్లేదని చెప్పు. ఆవిడ బకెట్ పోస్తే నేను ట్యాంకు పోస్తా," అంది. వెళ్ళి వాల్వు తిప్పి, పైపు లాక్కొచ్చి మా తీగ మొదట్లో పెట్టింది. పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది.

"పిన్నీ, చాలు. అంతొద్దు."

"ఏం, మంచితనం మీ అమ్మ ఒక్కదానికే ఉందా?"

ఐదు రోజులు పొద్దున్నా సాయంత్రం మా తీగకి మర్యాదలు జరిగాయి. అమ్మ కిటికీలోంచి చూసి, "మీ పిన్నికి ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది. నేను ఎవరికీ ఏమీ చెప్పలేకపోయాను. మూడో రోజు నుంచి పూలు రాలాయి. గేటు ముందు ఎర్రగా తివాచీ పరిచినట్టుండేది. అమ్మ దాన్ని ఊడవనివ్వలేదు.

వెల్డర్ వచ్చేసరికి ఎర్ర తీగకి పంతొమ్మిది పూలున్నాయి. తెల్లదానికి సున్నా. తాతయ్య నిచ్చెన కింద నిలబడి కర్రతో రెండుసార్లు లెక్కపెట్టాడు.

"తెల్లది తీసెయ్," అన్నాడు.

వెల్డర్ కళ్ళజోడు దించుకుని కోత మెషీన్ ఆన్ చేశాడు. పిన్ని తన తీగని కాక అమ్మని చూస్తోంది.

"అక్కా," అంది.

ఎనిమిదేళ్ళ తర్వాత నేరుగా పడిన ఆ మాటకి క్యారమ్స్ బల్ల దగ్గర నాన్న చేతిలో స్ట్రైకర్ జారింది.

"నేను నీ పైపు కట్టేస్తే నువ్వు నా మొక్కకి నీళ్ళు పోయించావు. తీయించెయ్. నేనేమీ అనను."

"నేనెందుకు పోయిస్తాను?" అంది అమ్మ. "నేనంత మంచిదాన్ని కాదు."

"రోజూ నాలుగు బకెట్లు."

"అవి నా మొక్కకి."

ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. వెల్డర్ మెషీన్ ఆపేశాడు. గాలి కూడా ఆగిందని నా అనుమానం. నర్సరీ అతని బామ్మర్దితో సహా అన్నీ చెప్పేశాను.

"నా మొక్కని తిండి పెట్టి చంపుతున్నావటే," అంది పిన్ని.

"నా నీళ్ళు దొంగిలించి నన్ను గెలిపించావా," అంది అమ్మ.

"గెలిపించేదేంటి? నేను వాల్వు కట్టకపోతే నీది పూసేదా?"

"మళ్ళీ తిప్పకపోతే పూలు రాలేవా?"

అక్కడి నుంచి ఎనిమిదేళ్ళ నిల్వ బయటికొచ్చింది. మందారం ఆకులు, గ్యాస్ వాసన, వాటన్నిటికంటే పాతది, నేను పుట్టకముందు పగిలిన ఒక గాజు గిన్నె. అంతా నేరుగా, మధ్యలో మనిషి లేకుండా. వెల్డర్ నిచ్చెన మీదే కూర్చుని టీ తాగాడు. ఆ తర్వాత ఇంకో టీ తాగాడు.

"ఇంతకీ కొయ్యనా, వద్దా?" అన్నాడు చివరికి.

తాతయ్య నోరు తెరిచేలోపే అమ్మ అంది, "వద్దని చెప్పండి మావయ్యా. దొంగ గెలుపు నాకొద్దు. వచ్చే వేసవికి దీన్ని న్యాయంగా ఓడించి, వేళ్ళు నేనే తవ్వుతా."

"ఎవరి వేళ్ళు ఎవరు తవ్వుతారో చూద్దాం," అంది పిన్ని.

తాతయ్య కాసేపు కర్ర మీద గడ్డం ఆనించి ఆలోచించాడు. పాత ఆర్చ్‌కే రెండు ఇనుప కాళ్ళు అతికించి పొమ్మని వెల్డర్‌కి చెప్పాడు.

ఇప్పుడు రెండు తీగలకీ చుక్క నీళ్ళు లేవు. చెరో వరండాలో కుర్చీలు వేసుకుని, తమ మొక్కకి ఎదుటివాళ్ళు మంచి చెయ్యకుండా ఇద్దరూ కాపలా కాస్తున్నారు. నేను తోటలోకి గ్లాసు పట్టుకెళ్ళడం నిషేధం. దాహమేస్తే ఇద్దరి ఎదురుగా నిలబడి తాగి, గ్లాసు బోర్లించి చూపించాలి.

ఆకాశంలో మబ్బు పట్టిందంటే ఇద్దరూ నా వైపే చూస్తున్నారు.