ట్రేసింగ్ విభాగం నుంచి ఉత్తరం

అత్తగారి దిండు గలీబు మీద ఎంబ్రాయిడరీ కోసం గులాబీ కొమ్మ ట్రేసింగ్ చేస్తున్నాను. చెయ్యి కదిలితే ఒక గీత రెండవుతుంది. అందుకే ఊపిరి బిగబట్టి గీస్తాను.

భోజనం చేస్తున్న మా ఆయన నవ్వారు. "నీదీ ట్రేసింగేనా? పెన్సిల్ అరగదీయడం! నేను చూడు, మా ఆఫీసు ట్రేసింగ్ విభాగంలో, ఓడల్లో తప్పిపోయిన సరుకుని కుర్చీలోంచి లేవకుండా పట్టేస్తాను."

"మావాడి చేతిలో పడితే సూదైనా దొరకాల్సిందే," అన్నారు అత్తగారు.

ఆయన సాక్సులు మాత్రం రోజూ నేనే వెతికి ఇవ్వాలి.

అత్తగారు చెయ్యి కడుక్కోవడానికి లేచాక ఆయన గొంతు తగ్గించారు. "పోయిన నెల నీకో ఉత్తరం వచ్చింది. కవరు మీద ట్రేసింగ్ విభాగం అని ఉంటే మా ఆఫీసుదే అనుకుని చింపాను. తీరా చూస్తే దత్తత కేంద్రం వాళ్లది. ఎవరో పిల్ల కన్నతల్లిని వెతుక్కుంటోందట. అలాంటి మనిషి ఇక్కడ లేదని రాసి పంపేశాను. పాత సంగతులు నేనడగను. అడగకపోవడమే నా మంచితనం అనుకో."

పెన్సిల్ ముల్లు విరిగింది.

అది పుట్టినప్పుడు నేను కాలేజీలో రెండో సంవత్సరం. "ఈ మాట నీ నోట్లోంచి ఊడిపడిందో, నన్ను పాడెక్కించినట్టే," అంది అమ్మ. ఇరవై రెండేళ్లు నోరు కుట్టేసుకున్నాను. దానికి ఏం పేరు పెట్టారో తెలియదు. ఎవరింట్లోనైనా ఆ వయసు పిల్ల కనిపిస్తే చెవి వెనకాల పుట్టుమచ్చ ఉందేమో చూడడం, తలలో పువ్వు సర్దినట్టు నటించడం, ఇదీ నాకు తెలిసిన వెతుకులాట. అది నన్ను గడప దాకా వెతుక్కుంటూ వస్తే, లేదన్నారు.

మర్నాడు కేంద్రానికి ఫోన్ చేశాను.

"లేరని జవాబొచ్చిందండీ. అమ్మాయికి చెప్పేశాం," అంది అక్కడి ఉద్యోగిని.

"ఏమంది?"

"కాసేపు కూర్చుని వెళ్లిపోయింది." ఆగి, మెల్లగా అడిగింది. "మీరు... ఆ అమ్మగారేనా?"

"అవును." ఆ మాట నా చెవులకే కొత్తగా వినిపించింది.

"అయితే ఇప్పుడు మీరే దరఖాస్తు పెట్టుకోవాలండీ. ఈసారి ఒప్పుకోవాల్సింది ఆమె. ఒప్పుకుంటుందని మాత్రం చెప్పలేను."

పొయ్యి వెలిగించకుండానే బయల్దేరాను. "వంటో?" అన్న అత్తగారి కేక మెట్ల దాకా వచ్చి ఆగిపోయింది.

దరఖాస్తులో ఒక ప్రశ్న: బిడ్డని చివరిసారి ఎక్కడ చూశారు? జవాబుకి ఒక్క గీతే ఇచ్చారు. సరిపోక పక్కనున్న ఖాళీలోకి కూడా రాశాను:

"నా గుండెల మీద. పదకొండో రోజు పొద్దున. పాలు తాగుతూ నిద్రపోయింది, అప్పుడు తీసుకెళ్లారు."