కట్టేసిన గుర్రం

టవర్ క్రేన్ పనిలో ఒక సూత్రం ఉంది. కింద నిలబడ్డ సిగ్నల్‌మేన్ గొంతు వాకీటాకీలో వినిపిస్తున్నంతసేపే పైన వేలాడే సరుకు కదలాలి. గొంతు ఆగిందా, సరుకు ఆగిపోవాలి. కేబిన్లో ఉన్న ఆపరేటరుకి కట్టడం అవతల నేల కనిపించదు. అతని కళ్ళూ చెవులూ ఆ గొంతే.

పదకొండేళ్ళు కేబిన్లో కూర్చున్నవాడు, మూడు వారాలుగా కింద నిలబడి ఆ గొంతయ్యాడు.

సైట్లో అతన్ని గుర్రం అనేవారు. తెల్లవారకముందే కాలువ గట్టు వెంట పది కిలోమీటర్లు పరుగెత్తి వచ్చి, పనిలోకి దిగగానే క్రేన్ నిచ్చెన రెండువందల మెట్లూ ఆగకుండా ఎక్కేవాడు. నెల కిందట జ్వరం వచ్చింది. వారానికి తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ గుండె కండరానికి వాపు అంటించి పోయింది.

"మూడు నెలలు పరుగు మాటెత్తొద్దు. నిచ్చెనలు అసలే వద్దు," అన్నాడు డాక్టరు. "ఇంకో మాట. రోజూ ఒళ్ళు వంచినవాళ్ళు ఉన్నట్టుండి ఆపేస్తే చిరాకు పుడుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి."

గుర్రం బయటెవరికీ చెప్పలేదు. సైట్లో మోకాలు బెణికిందన్నాడు. గుండె అని తెలిస్తే కేబిన్ తలుపు మళ్ళీ తెరుచుకోదని భయం. అసలు సంగతి తెలిసింది ఇద్దరికే. ఒకరు భార్య, రెండోవాడు ఆమె తమ్ముడు. ఇప్పుడు క్రేన్ నడుపుతున్నది ఆ బావమరిదే. పొద్దస్తమానం పైనే ఉంటాడని అతన్ని పావురం అంటారు.

డాక్టరు చెప్పిన చిరాకు మొదటి వారంలోనే మొదలైంది. నాలుగున్నరకే మెలకువ వచ్చేది. కాళ్ళు దుప్పటి కింద వాటంతటవే కదిలేవి. తొడల్లో చీమలు పాకుతున్నట్టుండేది. పంపులోంచి పడే నీటి చుక్క, పక్కింటి తలుపు, భార్య గ్లాసులో తిప్పే చెంచా, అన్నీ నేరాలే.

"మెల్లగా తిప్పలేవా?" అని అరిచాడు ఆ రోజు పొద్దున.

ఆమె చెంచా బల్ల మీద పెట్టింది. "మాత్రలతో పాటు మనుషుల్ని కూడా మింగేస్తున్నారు మీరు. కాసేపు అలా వీధిలో నడిచి రావచ్చుగా. నడవచ్చన్నాడు కదా డాక్టరు."

"పది నిమిషాలు! అదీ మెల్లగా! అదొక నడకా?"

ఆమె బదులివ్వకుండా వంటగదిలోకి వెళ్ళింది. ఆ బదులివ్వకపోవడం మీద కూడా అతనికి కోపం వచ్చింది.

సైట్లో ఆ కోపమంతా వాకీటాకీలోకి పోయేది. "దించు, దించు, ఏరా నిద్రపోతున్నావా, దించు, మీ అక్క ముగ్గేసినా ఇంతకంటే వేగంగా వేస్తుందిరా, దించు..." పైనుంచి పావురం ఒక్కటే అనేవాడు, "సరే బావా." కింద పనివాళ్ళు చాటుగా పేరు మార్చేశారు. గుర్రం పోయి కందిరీగ వచ్చింది.

ఆ రోజు పదకొండు గంటలకి కట్టడం వెనక వైపు ఇనుప దూలం దించాలి. ఆటో అంత బరువుంటుంది. దిగాల్సిన చోటు చుట్టూ తాడు కట్టించి, లోపల ఎవరూ లేకుండా చూసి, గుర్రం వాకీటాకీ మీట నొక్కాడు.

"దించు, దించు, ముప్ఫై అడుగులు, దించు..."

దూలం నేలకి ఇరవై అడుగుల ఎత్తులో ఉండగా గోడ మలుపు తిరిగి వెల్డర్ వచ్చాడు. ముఖానికి నల్లద్దం తొడుగు దించుకునే ఉన్నాడు. వచ్చి, సరిగ్గా దూలం కింద, గొంతుక్కూర్చుని, ఒక పలక అంచు వెతుక్కుంటున్నాడు.

అప్పుడు గుర్రం అనాల్సింది రెండక్షరాలు. ఆపు.

"ఏయ్! కళ్ళు నెత్తికెక్కాయా? ఎవడు రమ్మన్నాడు నిన్నిక్కడికి? తాడు కట్టింది కనిపించలా? చావాలనుంటే ఇంకోచోట చావు, నా నెత్తిన పడి చస్తావెందుకు? లే అక్కణ్ణించి! లేవవేం?"

బొటనవేలు మీట మీదే ఉంది. గొంతు పైకి పోతూనే ఉంది. పైన కేబిన్లో పావురం వింటూనే ఉన్నాడు. తిట్లు. మూడు వారాలుగా వింటున్న తిట్లే. గొంతు వినిపిస్తోంది కాబట్టి దారి బాగానే ఉంది. అతని చెయ్యి లివరు వదల్లేదు.

పదిహేనడుగులు. పన్నెండు.

గుర్రానికి దూలం కదులుతున్న సంగతి కంటికి తెలుస్తోంది, నోటికి తెలియడం లేదు. నోరు వెల్డర్ని తిడుతోంది. వెల్డర్ తల ఎత్తడం లేదు. ఎత్తనికొద్దీ అరుపు పెరుగుతోంది.

ఎనిమిది. ఆరు.

ఛాతీ పట్టేసింది. ఎవరో లోపలి నుంచి పిడికిలి బిగించినట్టు. ఊపిరి అందలేదు. మాట సగంలో తెగింది. బొటనవేలు జారింది.

పైన నిశ్శబ్దం వినిపించింది. పావురం లివరు వదిలేశాడు.

దూలం ఆగింది. దానికీ వెల్డర్ టోపీకీ మధ్య జానెడు ఖాళీ.

తన మీద పడిన నీడ ఊగుతుంటే వెల్డర్ తొడుగు ఎత్తి పైకి చూశాడు. చేతులూ మోకాళ్ళ మీద పాక్కుంటూ బయటికొచ్చి గోడకి చేరగిలపడ్డాడు. యాభై దాటిన మనిషి. అరగంట దాకా మంచినీళ్ళ సీసా మూత తీసుకోలేకపోయాడు.

సేఫ్టీ ఆఫీసరు గది రేకుల గది. ఆమె బల్లకి అటు, ముగ్గురు మగవాళ్ళు ఇటు.

"వాకీటాకీ మాటలు ఎక్కడా రికార్డవ్వవు," అంది ఆమె. "మీరు చెప్పేదే సాక్ష్యం. తప్పు కింద జరిగిందా, పైనా? ఎవరిదైతే వాళ్ళ లైసెన్సు ఆరు నెలలు ఆగుతుంది. ముందు నువ్వు చెప్పు. ఆపు అన్నాడా?"

పావురం బావ వైపు చూడలేదు. "అన్నాడు మేడం. నాకే సరిగ్గా వినపడలేదు."

గుర్రం లోలోపల లెక్క వేసుకున్నాడు. ఆరు నెలలు. తన గుండె అప్పటికి కుదుటపడుతుంది. కేబిన్ తనదే అవుతుంది. కాగితం మీద మోకాలు మోకాలుగానే ఉంటుంది. ఏమీ అనక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు.

ఆమె వెల్డర్ వైపు తిరిగింది. "నువ్వేం విన్నావు? అంత అరిచాడటగా, తల కూడా ఎత్తలేదేం?"

వెల్డర్ టోపీ ఒళ్ళో పెట్టుకుని దాని అంచు తడుముతున్నాడు. "అరుపు వినపడింది మేడం. నన్ననుకోలేదు. ఈయన పొద్దున్నుంచీ ఎవరో ఒకర్ని తిడుతూనే ఉంటాడు కదా. మా ఇంటి పక్కన మిల్లు ఉంది, దాని చప్పుడు మాకు వినపడదు. అట్లాగే ఇదీ."

ఆమె రిజిస్టరు ముందుకు లాక్కుంది.

"అయితే అదే రాస్తున్నాను," అంది ఆమె, కలం తీసి. "ఆపరేటరుకి వినపడలేదు."

"అవును మేడం," అన్నాడు పావురం. "నాదే."

"నోర్ముయ్‌రా!" గుర్రం బల్ల గుద్దాడు. కలం దొర్లి కింద పడింది. "ఎవడు చెప్పమన్నాడు నిన్ను? నేను ఆపు అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. తిడుతూ కూర్చున్నాను. ఊపిరాడక నోరు పడిపోబట్టి దూలం ఆగింది, లేకపోతే ఈయన..." ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మోకాలు కాదు మేడం. గుండె."

ఆమె అతన్ని తేరిపార చూసింది. "ఇప్పుడు ఎలా ఉంది నొప్పి?"

"తగ్గింది."

"తగ్గినా సరే. ఇక్కణ్ణించి నేరుగా మీ డాక్టరు దగ్గరికి. వాకీటాకీ బల్ల మీద పెట్టు. లైసెన్సు కార్డు కూడా. ఆరు నెలల తర్వాత గుండె పరీక్ష కాగితంతో రా. పైకి పంపుతానని మాట మాత్రం ఇవ్వను."

అతను రెండూ పెట్టాడు. వెల్డర్ ఎదుట నిలబడ్డాడు.

"తప్పయిపోయిందన్నా."

వెల్డర్ తలూపాడు. అతని ముఖంలోకి మాత్రం చూడలేదు.

గేటు దాకా పావురం కూడా వచ్చాడు. అతనికి కోపంగానే ఉంది. "నేను నిన్ను కాపాడదామనుకుంటే నువ్వే బయటపెట్టుకున్నావు. మూడు వారాలు ఎందుకు పడ్డాననుకున్నావు నీ తిట్లన్నీ?"

"ఎందుకు పడ్డావురా? ఒక్కసారైనా తిరగబడొచ్చుగా."

"జబ్బు మనిషివి కదా అని."

"అందుకే ఆ వెల్డర్ చచ్చేవాడు," అన్నాడు గుర్రం.

పావురం చాలాసేపు చెప్పుతో కంకర గెలికాడు. "అక్కకి నేను ఫోన్ చేసి చెప్పనా?"

"వద్దు. డాక్టరు దగ్గరికి రమ్మని నేనే పిలుస్తా. అక్కడే చెప్తా."

"అరవకుండా చెప్తావా?"

గుర్రం నిజంగానే ఆలోచించాడు.

"తెలీదురా," అన్నాడు.

ఆస్పత్రి రెండు వీధుల అవతల. మెల్లగా నడిచాడు. కూరగాయల సంచులు మోస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ అతన్ని దాటిపోయారు. కాళ్ళు ఉరకమన్నాయి. పళ్ళు బిగించి, వాళ్ళని పోనిచ్చాడు.