ఎదురుగా ఎందరు?

ఆదివారం పొద్దున మృదుల పులిహోరకు చింతపండు నానబెడుతూ, ఫ్రిజ్ తలుపుకి అంటించిన కాగితాన్ని చదివింది. వచ్చే వారం సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియంలో కాలనీల మధ్య ఆడ, మగ కలిసి ఆడే వాలీబాల్ పోటీ. దిల్‌సుఖ్‌నగర్‌లోని తమ కాలనీ జట్టును ఎంపిక చేసినవాడు ఆమె భర్త ప్రసన్నకుమార్. అందులో మృదుల పేరు రెండు చోట్ల ఉంది. ఆటగాళ్ల వరుసలో ఏడో అంకె పక్కన "ఎక్స్‌ట్రా" అని; అడుగున "నీళ్లు, పులిహోర, బ్యాండేజీలు" అన్నదానికి ఎదురుగా. రెండో స్థానానికి ఆమెకు పోటీ ఎవరూ లేరు.

"సెట్టర్‌గా పక్కింటి రామారావుగారిని రాశారేం? పది వారాలుగా ఆ పని నేనేగా చేస్తున్నాను?"

"ఆ పది వారాల్లో నువ్వు కొట్టిన పాయింట్లెన్ని? రెండు!" బూటు లేసు బిగించుకుంటూ అన్నాడతను. "ఇది మన పార్కు కాదు మృదూ. ఇండోర్ స్టేడియం. చెక్క నేల."

చెక్క నేలకూ రెండు పాయింట్లకూ ఉన్న సంబంధం అతను వివరించలేదు. చెక్క నేల మీద ఆడిన మనిషి ఆ ఇంట్లో ఒక్కతే ఉంది. గుంటూరు మహిళా కళాశాలకు మూడేళ్లు సెట్టర్‌గా ఆడి, విశ్వవిద్యాలయం పోటీల్లో ఒకే ఒక్కసారి అలాంటి నేల మీద నిలబడింది. అడుగు వేస్తే నేల కొంచెం పైకి తోసినట్టుండేది. నలభై తొమ్మిదేళ్ల వయసులో ఇంకొక్కసారి ఆ నేల మీద ఆడాలని ఉంది. కోరిక చిన్నదే. ఇంట్లో ఎవరికీ దాని వల్ల నష్టం లేదు, బహుశా అందుకే ఎవరికీ పట్టలేదు. అవతలివాళ్లు వేసిన బంతిని ఒకరు ఆపుతారు, రెండో స్పర్శతో దాన్ని పైకి లేపేది సెట్టర్, మూడో స్పర్శ కొట్టేవాడిది. స్కోరు పుస్తకంలో మూడోవాడి పేరే పడుతుంది. బంతి చక్కగా లేస్తే కొట్టినవాడు మొనగాడు, లేవకపోతే లేపినవాడు పనికిమాలినవాడు. ఈ న్యాయం ఆమెకు కొత్త కాదు. అత్తగారు హనుమాయమ్మ చుట్టాల ముందు పాతికేళ్లుగా ఒకే మాట చెబుతోంది: "మావాడు ఇంటికొచ్చినవాళ్లని అన్నం పెట్టకుండా పంపడమ్మా!" ఆ అన్నం ఎవరు వండారని ఇంతవరకూ ఒక్క చుట్టమూ అడగలేదు.

పార్కులో ఆ రోజు ఎల్బీనగర్ నుంచి లింగస్వామి జట్టు ప్రాక్టీసుకు వచ్చింది. స్కోరు రాయడానికి ప్లాస్టిక్ కుర్చీలో అరుణజ్యోతి కూర్చుంది. నల్గొండ జిల్లా నుంచి వచ్చి, ముప్పై ఏళ్లు సర్కారు బడి పిల్లలకు ఆటలు నేర్పి రిటైరైన మనిషి. జట్టు కాగితం ఆమె చేతికి వచ్చింది.

"ఏంది ప్రసన్నన్నా, గీ పొల్లను ఎక్స్‌ట్రా ఏసినవ్?"

"పాయింట్లు లేవు మేడమ్. లెక్క లెక్కే కదా."

"సెట్టర్‌కు పాయింట్లు సూస్తరా? వండినోళ్లను ఎందరికి వడ్డించినవని అడిగినట్టే ఉన్నది." ఆమె పుస్తకంలో కొత్త పేజీ తీసి నిలువు గీతలు గీసింది. "రెండు ఆటలు ఆడున్రి. ఒకదాంట్ల రామారావన్న లేపుతడు, ఇంకోదాంట్ల మృదుల. కొట్టేది నువ్వే. సెట్టర్ చేతికి బంతి ఎట్లొచ్చింది, సక్కగనా వంకరగనా? అది ముందు రాస్త. మొదట ఆపినోళ్ల పాస్ చెడిపోతే ఆ తప్పు సెట్టర్ మీద ఎయ్యను. బంతి కొట్టేతందుకు అనువుగ లేసిందా? అది రెండోది. నువ్వు కొట్టేటప్పుడు నెట్ అవుతల ఎందరు అడ్డం దుంకిన్రు? అది మూడోది. నువ్వు కొట్టింది పాయింటయ్యిందా లేదా అన్నది ఆఖరికి. గివన్నీ కలిపితేనే సెట్టర్ మార్కులు."

మొదటి ఆటలో రామారావు ప్రసన్నకుమార్‌కు పదహారు బంతులు లేపాడు. పన్నెండింటికి అవతల ఇద్దరేసి ఎగిరారు. పాయింట్లు నాలుగు. ప్రసన్నకుమార్ గాలిని తప్పుపట్టాడు. వేపచెట్టు ఆకు కదలడం లేదు.

రెండో ఆటలో మృదుల నిలబడింది. వంకరగా వచ్చిన బంతి కిందికి పరుగెత్తింది, వేళ్ల చివర్లతో సరిచేసింది, ఎటు పంపబోయినా ఒకే తీరుగా నిలబడింది. అతనికి పదిహేను బంతులు లేపింది. మూడింటికి మాత్రమే ఇద్దరు ఎగిరారు. ఎక్కువసార్లు ఒక్కడే, అదీ ఆలస్యంగా. పాయింట్లు పది.

నెట్ అవతల లింగస్వామి నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ నిలబడ్డాడు. "రామారావు సారు మొకం సూస్తె సాలు, బంతి ఎటు వోతదో ఎర్కయితుండె. గీ మేడం మొకంల ఏమీ దొర్కుతలేదు. మస్తు పరేషాన్ జేసింది!"

మృదులకు నవ్వొచ్చింది. పాతికేళ్ల కాపురం ఆమెకు నేర్పిన విద్య అదొక్కటే. అది ఆటలో పనికొస్తుందని ఇవాళే తెలిసింది.

అరుణజ్యోతి పేజీని చదివి వినిపించింది. మనిషి ఒకడే, చెయ్యి అదే, బంతి అదే. మారింది లేపినవారొక్కరే. ప్రసన్నకుమార్ రెండుసార్లు కూడి చూశాడు. కూడిక మారలేదు.

రామారావు పగలబడి నవ్వాడు. "వదినా, నన్ను తీసెయ్యండి. నా మోకాళ్లు పొద్దుట్నుంచీ ఆ మాటే అంటున్నాయి. ఆ నీళ్లు, పులిహోర నా పేరు మీద రాయండి. వండలేను గానీ కొనుక్కొస్తాను."

ప్రసన్నకుమార్ కాగితంలో పేర్లు మార్చాడు. ఏదో దానం చేస్తున్నవాడిలా తలెత్తి, "సరే, ఆరుగురిలో నువ్వే ఉండు. కానీ బంతి నాకే ఇవ్వాలి" అన్నాడు.

"మీ ఎదురుగా ఇద్దరు లేనప్పుడు ఇస్తాను" అంది మృదుల.

మూడో ఆటలో ఆ మాటే నిలబెట్టుకుంది. ఇద్దరు అతన్ని కాపు కాసినప్పుడల్లా బంతి రెండో చివరకు, పై వాటా అమ్మాయి సింధుకు వెళ్లింది. ఎదురుగా ఎవరూ లేక సింధు కేరింతలు కొడుతూ కొట్టింది. ప్రసన్నకుమార్‌కు ఏడు బంతులే వచ్చాయి. ఏడూ పాయింట్లయ్యాయి. ఆట గెలిచారు.

ఇంటికి స్కూటర్ మీద వస్తూ అతను మెట్రో స్తంభాల కింద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ఎంతో ఉదారంగా వెనక్కి తిరిగాడు.

"ఏమైనా చెప్పు, ఇవాళ నేను బ్రహ్మాండంగా ఆడాను."

"అవునండీ" అంది మృదుల. "మీ పాయింట్లన్నీ నా మార్కులే."