లేత నీలం చాలు

నేను ఒక గాజు సీసాను. సీసా అనగానే తేనె సీసానో పన్నీరు సీసానో అనుకుని గౌరవించకండి, అంత దృశ్యం లేదు. మీ బొటనవేలంత ఉంటాను. పొట్ట మీద ఒక తెల్ల గీత, నెత్తిన ఒక ప్లాస్టిక్ మూత, అంతే నా ఆస్తి. ఆ గీత దాకా నీళ్ళు పోసి, రెండు రకాల మందు చుక్కలు వేసి ఆడిస్తే, ఆ నీళ్ళలో ఫాస్ఫేటు ఉందో లేదో చెబుతాను. ఉంటే నీలంగా మారతాను. ఎక్కువగా ఉంటే ముదురు నీలం. లేకపోతే ఊరికే ఉంటాను. ఇంతకన్నా చిన్న ప్రతిభతో బతుకు వెళ్ళదీసేవాళ్ళు లోకంలో ఉంటే ఉండవచ్చు గాని, నాకింతవరకు తారసపడలేదు.

పుట్టడం ఒక గాజు ఫ్యాక్టరీలో. నాతోపాటు కొలిమిలోంచి వచ్చినవాళ్ళలో కొందరు అత్తరుకు వెళ్ళారు, కొందరు ఇంజెక్షన్ మందుకు వెళ్ళారు. నన్ను అట్టపెట్టెలో పెట్టి లారీ ఎక్కించినప్పుడు నేనూ అత్తరుకే వెళుతున్నానని దారిపొడవునా కలలు కన్నాను. పెట్టె తెరిచేసరికి భీమవరం దగ్గర ఒక రొయ్యల చెరువుల ఊళ్ళో, రోడ్డు పక్కన నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో ఉన్నాను. అత్తరు సంగతి దేవుడెరుగు, అక్కడ గాలికే ఎండు రొయ్య వాసన.

ల్యాబు నడిపే అమ్మాయి పేరు ఝాన్సీ. పొద్దున్నే రైతులు తమ చెరువు నీళ్ళు ప్లాస్టిక్ సీసాల్లో పట్టుకుని ఆమె బల్ల ముందు నిలబడేవారు. అందరికీ అమ్మోనియా పరీక్షే కావాలి. అమ్మోనియా సీసాకు క్షణం తీరిక ఉండేది కాదు, దాని పొగరు చూడలేక నేను మొహం తిప్పుకునేదాన్ని. నాతో మాత్రం ఎవరికీ పని పడేది కాదు. ఎందుకంటే రొయ్యల చెరువులో ఫాస్ఫేటు శత్రువు కాదు, చుట్టం. విత్తనం, అంటే రొయ్య పిల్లల్ని, వదిలే ముందు రైతులే సూపర్ ఫాస్ఫేటు బస్తాలు తెచ్చి నీళ్ళలో కలుపుతారు. దాన్ని తిని కంటికి ఆనని నాచు పెరుగుతుంది, చెరువు ఆకుపచ్చగా తిరుగుతుంది, ఆ పచ్చదనంలో రొయ్య పిల్లలకు తిండీ నీడా దొరుకుతాయి. చుట్టాన్ని తనే బస్తాల్లో మోసుకొచ్చిన మనిషి, వచ్చాడా లేదా అని పరీక్ష ఎందుకు చేయిస్తాడు? అలా నేను ఉద్యోగం ఉండీ పని లేని గుమాస్తాలా అరలో కూర్చుని దుమ్ము తిన్నాను.

నా మొహం చూసిన మొదటి మనిషి భద్రరాజుగారు. ఆ ఊళ్ళో పాతకాలపు రొయ్యల రైతు. వరసగా రెండు పంటలు తెల్లమచ్చ రోగానికి పోయాయి. మొదటి పంట పోయినప్పుడు ఆయన రోగాన్ని తిట్టారు. రెండో పంట పోయినప్పుడు పక్క చెరువులు బతికే ఉన్నాయి. దాంతో టీకొట్టు దగ్గర ఎవరో, "రాజుగారి చెయ్యి మంచిది కాదండీ, విత్తనం ఇంకెవరి చేతో వదిలించుకోవాల్సింది" అన్నారు. అన్నవాడు టీ తాగి మరిచిపోయాడు. విన్నాయన మరిచిపోలేదు. చెరువులు కౌలుకిచ్చేసి ఇంట్లో కూర్చున్నారు.

ఆయన భార్య మంగాదేవి కొన్నాళ్ళు చూసింది. భీమవరంలో ఒక హోటల్ వాళ్ళు హాలు మార్చుకుంటూ తమ సముద్రపు నీళ్ళ అక్వేరియం తీసేస్తున్నారని తెలిసి, దాన్ని ఇంటికి తెప్పించింది. ఎందుకమ్మా అని అడిగినవాళ్ళకు ఆమె చెప్పిన జవాబు ఇది. "ఈయన పొద్దస్తమానం గోడ చూస్తా కూచుంటన్నారు. ఆ చూసేదేదో నీళ్ళు చూత్తారని!"

ఆ తొట్టెలో రెండు నారింజరంగు చారల చేపలు, ఒక రాయి, ఆ రాతి మీద ఒక పగడాల గుత్తి ఉన్నాయి. పగడమంటే మీ ఉంగరంలో ఉండేది కాదు, ప్రాణమున్నది. చొక్కా గుండీలంత చిన్న చిన్న పువ్వుల్లా ఉంటాయి. దీపం వేస్తే విచ్చుకుంటాయి, ఆర్పితే ముడుచుకుంటాయి. భద్రరాజుగారు జీవితమంతా ప్రాణులను పెంచి కాటా ఎక్కించిన మనిషి. కాటా ఎక్కనవసరం లేని ప్రాణి ఆయన ఇంటికి రావడం అదే మొదలు. ఆయనకు దాని మీద ప్రేమ పుట్టింది, ప్రేమతోపాటు ఒక పిచ్చి పంతం కూడా పుట్టింది. "మంగా, ఈ గుత్తి నా చేతికింద బతికితే మళ్ళీ చెరువులోకి దిగుతా. బతక్కపోతే ఇంక నీళ్ళ జోలికి పోను" అన్నారు. పాపం ఆ గుత్తికి తన మీద ఇంత బరువు పెట్టారని తెలియదు.

తరవాత ఆయన చేసిన పని ఆ జిల్లా మనిషి తప్ప ఇంకెవరూ చేయరు. అక్వేరియంలో నీళ్ళు అద్దంలా తేటగా ఉండటం చూసి ఆయనకు బెంగ పట్టుకుంది. తేట నీళ్ళంటే ఆయన లెక్కలో తిండి లేని నీళ్ళు. కొట్టుగదిలో మిగిలిన సూపర్ ఫాస్ఫేటు బస్తాలోంచి ఒక చిటికెడు తెచ్చి తొట్టెలో వేశారు. చేపలు పైకొచ్చి నోరు తెరిచినప్పుడల్లా ఆకలనుకుని మేత వేశారు. కొద్ది రోజులకు అద్దాలు పచ్చబడ్డాయి. "ఇప్పుడు నీళ్ళు బతికాయి" అని ఆయన మురిసిపోయారు. ఇంకొన్ని రోజులకు రాతి మీద పచ్చటి నాచు జుట్టులా పెరిగి, గుత్తిని కప్పేసింది. గుండీలన్నీ ముడుచుకున్నాయి. దీపం వేసినా తెరుచుకోలేదు.

అప్పుడు తొట్టె నీళ్ళు పట్టుకుని ఉసూరుమంటూ ల్యాబుకు వచ్చారు. ఝాన్సీ అమ్మోనియా చూసింది, బాగానే ఉంది. ఇంకేవో చూసింది, అవీ బాగున్నాయి. చివరికి అరలోంచి నన్ను తీసి దుమ్ము తుడిచింది. నా జీవితంలో మొదటి అవకాశం! ఉన్న శక్తంతా కూడగట్టుకుని నీలంగా మారాను. మామూలు నీలం కాదు, సిరా బుడ్డిలో ముంచి తీసినంత నీలం. నా పనితనానికి చప్పట్లు కొడతారనుకున్నాను.

"రాజుగారూ, దీంట్లో ఏం వేశారండీ?" అంది ఝాన్సీ.

"సూపరు. చిటికెడేనమ్మాయ్. ఇంత చెరువుకి బస్తాలేస్తాం గదా, ఈ చిన్నదానికి చిటికెడు పెద్ద లెక్కా?"

ఝాన్సీ నవ్వలేదు. ఆయన మొహం చూస్తే నవ్వు రాదు. "పగడాలకి తేట నీళ్ళేనండీ కావాల్సింది. ఫాస్ఫేటు ఎక్కువైతే నాచు పెరిగి దాన్ని తినేస్తది. వారానికో బకెట్టు పాత నీళ్ళు తీసి, కొత్తవి పోసుకుంటా రండి. నాచు చేత్తో పీకండి. మేత సగానికి సగం తగ్గించండి. నెమ్మదిగా దింపుకోవాలండీ, ఒక్కసారి కాదు" అంది. ఇంట్లో చూసుకొమ్మని నన్నూ, మందు సీసాలనూ, నీలం ఎంతో పోల్చి చూసుకునే రంగుల అట్టనూ ఆయన చేతిలో పెట్టింది. ఇన్ని మాటల్లో ఆయన చెవికెక్కింది 'దింపుకోవాలి' అన్న ఒక్క మాటే.

అలా నేను రాజుగారింట్లో కాపురానికి వెళ్ళాను. రోజూ నన్ను నింపి, రంగుల అట్ట పక్కన పెట్టి చూసేవారు. ఆ చూడటంలో మనుషుల సంగతి బాగా తెలిసింది. ఆయన నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఎండకు ఎదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూసేవారు. అలా చూస్తే ఎంత నీలమైనా కాస్త లేతగా కనబడుతుంది. మంగాదేవి నన్ను వంటింటి గట్టు మీద పెట్టి చూసి ముదురని తేల్చేది. ఇద్దరూ నా మొహం పట్టుకుని వాదించుకునేవారు. నేను ఇద్దరికీ ఒకే రంగు చూపించాను, ప్రమాణపూర్తిగా చెబుతున్నాను. కానీ నా మాట వినడానికి నన్ను నింపిందెవరు, తమకు కావలసిన మాట నాచేత చెప్పించడానికే గాని.

చెరువు మనిషికి ఏ జబ్బుకైనా మందు కొట్టడం అలవాటు. ఫాస్ఫేటును లాగేసే మందు ఒకటుందని ఎక్కడో చూసి తెప్పించారు. మూత మీద రాసినంత వేస్తే చాలు. చెరువులో ఎప్పుడైనా రాసినంత వేశారా? రెట్టింపు వేశారు. తొట్టె మజ్జిగలా తెల్లబడింది, మర్నాటికి తేరుకుంది. నన్ను నింపారు, చుక్కలు వేశారు, ఆడించారు. నేను రంగు మారలేదు. ఎంత సేపు చూసినా మంచినీళ్ళలా ఉన్నాను.

ఆ రోజు నాకు జరిగిన సన్మానం ఏమని చెప్పను! రాజుగారు నన్ను పట్టుకుని వీధిగుమ్మం దాకా వెళ్ళి వచ్చారు. నన్ను కడిగి, తుడిచి, షోకేసులో వెండి గ్లాసు పక్కన పెట్టారు. నిజం చెప్పాలంటే ఆ రోజు నేను చేసింది ఏమీ లేదు. ఊరికే ఉన్నాను. ఊరికే ఉన్నందుకు సన్మానాలు జరగడం మీలో మామూలేనని విన్నాను గాని, నాకది కొత్త. వెండి గ్లాసుతో సమానంగా కూర్చుని కాస్త నిక్కాను కూడా.

ఆ నిక్కు వారం నిలవలేదు. నాచు పోయింది, నిజమే. కానీ గుండీలు తెరుచుకోలేదు. మరింత ముడుచుకుని, రంగు వెలిసి, అంచుల్లో కొన్ని కరిగిపోవడం మొదలుపెట్టాయి. రాజుగారు ఝాన్సీని ఇంటికే పిలిపించారు. ఆమె తొట్టె చూసి, షోకేసులో నన్ను చూసి, సంగతి అర్థం చేసుకుంది.

"సున్నాకి తెచ్చేశారా? పూర్తిగా లేకపోయినా చస్తదండీ అది. దానికీ ఇంత తిండి కావాలి గదా. లేత నీలం రావాలి రాజుగారూ. లేత నీలం చాలు."

షోకేసులో నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బతుకులో నేను ఇచ్చిన ఒకే ఒక్క శుభవార్త ఆ గుత్తికి చావుకబురన్నమాట.

ఝాన్సీ వెళ్ళిపోయాక రాజుగారు తొట్టె దీపం ఆర్పి కుర్చీలో కూలబడ్డారు. తర్వాత కుర్చీలోంచి లేవకుండానే అన్నారు. "ఆ తొట్టె ఎవరికన్నా ఇచ్చేసెయ్ మంగా. ఊళ్ళోవాళ్ళన్నది నిజమే. నా చెయ్యి పడితే ఏదీ మిగలదు."

మంగాదేవి చీపురు పక్కన పెట్టింది. ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. "ఈ చెయ్యి పట్టుకునే గదండీ నేనీ ఇంటికొచ్చింది. ఇన్నేళ్ళయింది, నేను మిగల్లా?" అంది. మళ్ళీ తనే, "చెయ్యి కాదు, మీ తొందర. ఆ పిల్ల నెమ్మదిగా అంటే మీరు విన్నారా?" అని చీపురు తీసుకుని వెళ్ళిపోయింది. రాజుగారు తలెత్తి ఆమె వెళ్ళినవైపు చూశారు. గాజుకు కన్నీళ్ళుండవు కాబట్టి నేను ఏడవలేదు, అంతే.

ఆ తర్వాత ఆ ఇంట్లో జరిగిందంతా చెప్పుకోవడానికి ఏమీ లేనంత నెమ్మదిగా జరిగింది. మందు సీసా కొట్టుగదిలోకి, సూపర్ బస్తా గేదెల పాకలోకి వెళ్ళిపోయాయి. రాజుగారు వారానికోసారి ఒక బకెట్టు నీళ్ళు తీసి, సముద్రపు ఉప్పు కలిపిన కొత్త నీళ్ళు గోడ వెంట జారేలా పోసేవారు. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన మేతను జల్లెడలో కడిగి, ఫాస్ఫేటు ఉండే ఆ రసం పారబోసి, చిటికెడే వేసేవారు. అద్దాల మీద పాచిని పాత పళ్ళ బ్రష్షుతో తోమేవారు. చేపలు పైకొచ్చి నోరు తెరిస్తే, "నాటకాలాడకండి, ఇందాకే తిన్నారు" అని వాటితో చెప్పేవారు. నేను మళ్ళీ పనిలో పడ్డాను. మొదట ఏ రంగూ లేదు. తర్వాత ఉందా లేదా అన్నంత నీలం. ఆ తర్వాత, ఉతికి ఉతికి వెలిసిన లుంగీలాంటి నీలం వచ్చి అక్కడ నిలిచింది. ఇంత లేత పనిని ఇంత శ్రద్ధగా చేయాల్సి వస్తుందని నేను అనుకోలేదు. ఆ రోజుల్లో ఆ గుత్తి ఏమవుతుందోనని నాకూ భయంగానే ఉండేది. నేను చెప్పగలిగింది నీళ్ళ సంగతి, ప్రాణం సంగతి కాదు.

ఒక పొద్దున మంగాదేవి పువ్వులు కోసుకొచ్చి గదిలోకి వస్తూ ఆగిపోయింది. "ఏవండీ, ఓసారిలా రండి" అని మెల్లగా పిలిచింది, గట్టిగా అంటే మూసుకుపోతాయేమోనని. గుత్తిలో నడిమధ్య ఉన్న గుండీలు విచ్చుకున్నాయి. అంచున కరిగిపోయినవి పోగా, ఇన్నాళ్ళూ మిగిలినవి ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. రాజుగారు బనీనుతోనే తొట్టె ముందు నేల మీద కూర్చుండిపోయారు. కాఫీ చల్లారిపోయింది.

చెరువులు కౌలుకు చేసినతను వచ్చే పంటకు మాట్లాడుకోవడానికి వచ్చినప్పుడు, రాజుగారు, "ఈసారి నేనే వేద్దామనుకుంటన్నా" అన్నారు.  అన్నాక మాట వెనక్కి తీసుకోలేదు.

చెరువు ఎండగట్టి, నీళ్ళు పెట్టి, సూపర్ కలిపి, విత్తనానికి సిద్ధం చేశారు. ఒక ఉదయం నన్ను జేబులో వేసుకుని గట్టు మీదికి వెళ్ళారు. వెనకే మంగాదేవి. ఇన్నాళ్ళ నా సేవకు గుర్తింపుగా పెద్ద నీళ్ళ పరీక్ష నాకే అప్పగిస్తున్నారని ఛాతీ విరుచుకున్నాను. మూత తీసి, అంచున వంగి, నన్ను నింపబోయారు. తడి వేళ్ళలోంచి జారాను. ఇంత అనుభవమున్న నేను పడితే నీళ్ళు బుడుంగుమని కూడా అనలేదు.

అయ్యో అంటూ ఆయన చొక్కా చెయ్యి మడిచి, మోచేతి దాకా ముంచి బురదలో వెతికారు. ఆ వేళ్ళు నా పక్కనుంచే వెళ్ళాయి. ఇంకోసారి తడిమితే దొరికేదాన్ని. కానీ చెయ్యి ఆగిపోయింది. ఇక్కడి రైతులకు సీసాలూ చుక్కలూ రాకముందు నుంచీ ఒక పరీక్ష ఉంది. చేతిని మోచేతి దాకా ముంచితే, నీళ్ళ పచ్చదనంలో అరచెయ్యి కనబడకుండా పోవాలి. అప్పుడు చెరువు విత్తనానికి తయారైనట్టు.

"మంగా! నా చెయ్యి కనబట్టంలేదే!" అని పైనుంచి ఆయన కేక వినబడింది.

"సీసా దొరికిందా?" అంది మంగాదేవి.

"ఏం సీసా?"

అదీ నా పదవీ విరమణ సభ. ఇప్పుడు బురదలో పక్కకు ఒరిగి ఉన్నాను. లోపల చెరువు నీళ్ళే ఉన్నాయి, వాటిలో ఫాస్ఫేటు ఉందా అని ఎవరూ అడగరు, అడిగినా చుక్కలు లేకుండా నేను చెప్పలేను. నీలం కావడానికి పుట్టి పచ్చటి నీళ్ళలో పడి ఉన్న నన్ను నేనే చూసుకుని నవ్వుకుంటాను.

కొన్నాళ్ళకు విత్తనం వచ్చింది. లోపలి పిల్లలు చెరువు వేడికి అలవాటు పడేదాకా సంచులు చాలాసేపు నీళ్ళ మీద తేలాయి. టీకొట్టు మాటలు అన్నవాళ్ళూ గట్టు మీదికి వచ్చినట్టున్నారు, గొంతులు వినబడ్డాయి. ఎవరో, "ఇటివ్వండి రాజుగారూ, నేనొదుల్తాను" అన్నారు కూడా.  తర్వాత సరిగ్గా నా మీదుగా, రోజూ నన్ను నింపిన ఆ చెయ్యే నీళ్ళలోకి దిగి, సంచి మూతి పట్టుకుని వంచింది. వెంట్రుకల్లాంటి పిల్లలు ఆ వేళ్ళ సందుల్లోంచి జారిపోతూ చెరువంతా కలిసిపోయాయి. సంచి ఖాళీ అయ్యాక కూడా ఆ చెయ్యి కాసేపు నీళ్ళలోనే ఉండిపోయింది.