ఏడు గంటల రీడింగు

ఊపిరి బిగబట్టి చూడాలి. ఆ పనిలో మొదటి పాఠం అదే.

పెరట్లో గోడలకు దూరంగా, నాలుగు కాళ్ళ మీద నిలబడ్డ తెల్ల చెక్కపెట్టె అది. దాని పక్కలు కిటికీ రెక్కల్లా వాలుగా ఉంటాయి. గాలి రావాలి, ఎండ తగలకూడదు. లోపల థర్మామీటరు. తలుపు తీశాక ముందు పాయింటు పక్కనున్న చిన్న అంకె చూసుకోవాలి, తరవాతే పెద్ద అంకె. మనిషి దగ్గరికొచ్చిన వేడికే చిన్న అంకె కదిలిపోతుంది. ఊపిరి తగిలిందా, పెద్దది కూడా కదిలిపోతుంది.

ఇవన్నీ ఆమెకు నేర్పింది పక్కింటి కంపౌండరు తాతగారు. ఇరవై రెండు చలికాలాలు ఆయనే చూశాడు. మోకాళ్ళు మొరాయించాక, పెట్టెను ఆమె పెరట్లోకి మోయించి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"నేను తొమ్మిదో తరగతితోనే ఆపేశాను తాతగారూ" అంటే, "చలి నీ సర్టిఫికెట్టు అడగదులేమ్మా. అంకెలు ముత్యాల్లా రాస్తావు, అబద్ధం రాయవు. అది చాలు" అన్నాడు.

జీతం లేదు, భత్యం లేదు. వాతావరణం ఆఫీసుకు నెలకో కాగితం పంపితే వాళ్ళు ఏడాదికో క్యాలెండరు పంపుతారు. అత్తగారు ఆ క్యాలెండరు కేసి చూసి, "చలిని కొలిస్తే చలి తగ్గుతుందా? కొలిచి కొలిచి నువ్వే తగ్గిపోతున్నావు" అని దెప్పుతుంది. అయినా ఆమె మానలేదు. నవంబరు నుంచి మార్చి దాకా పసిదాన్ని బయటికి తీయడానికి వీల్లేని ఊరది. రెండు గదులు, ఒక పొయ్యి, మూడు కిటికీలు, అత్తగారి దగ్గు. భర్త కొండ అవతల గనుల్లో పని, నెలకొకసారి వస్తాడు. రోజు మొత్తంలో ఆమె ఒక్కతే ఉండేది ఆ పెట్టె ముందర నాలుగు నిమిషాలే. ఆ నాలుగు నిమిషాలు ఎవరికిస్తుంది?

ఆ అంకె మీద ఊరి చివరనున్న బస్సు డిపో కన్ను కూడా పడింది. ఆ రోడ్డు మీద అన్నిటికంటే ఎత్తున ఉన్నది ఈ ఊరే. ఏడు గంటలకు ఆమె ఫోన్ చేసి చెప్పిన అంకె మైనస్ ఏడు గానీ అంతకన్నా కిందికి గానీ పోతే మొదటి బస్సు కదలదు. ఆ చలిలో రోడ్డు మీద చల్లిన ఉప్పు పనిచేయదట, గాజు పలక మీద నడిచినట్టేనట. అప్పట్నుంచి డిపో గుమాస్తా ఆమెను "రీడింగమ్మా" అని పిలుస్తాడు. ఊరు కూడా అలాగే పిలుస్తోంది.

ఆ రోజు ఆమె ఆరున్నరకే పెట్టె దగ్గరికి వచ్చేసింది. కాలుగాలిన పిల్లిలా పెరడంతా మూడుసార్లు తిరిగింది. కింద పట్నానికి మూడు నెలలకోసారి వచ్చే చెవుల డాక్టరు ఆ రోజే వస్తాడు. పదింటి నుంచి ఒంటిగంట దాకా ఉంటాడు. కూతురు చిట్టి పేరు పోయినసారి రాయించింది, ఆ రోజు మంచు పడి బస్సు లేదు. చిట్టికి రెండేళ్ళు దాటి నాలుగు నెలలు. ఇంకా ఒక్క మాట రాలేదు.

"వాళ్ళ నాన్నకి నాలుగేళ్ళకి గానీ మాట రాలేదు. ఇప్పుడు వాడి నోరు మూయించగలమా?" అంటుంది అత్తగారు.

మాట సంగతి కాదు ఆమె భయం. వెనక నుంచి పళ్ళెం పడేసి చూసింది. ఒకసారి తిరిగింది, రెండుసార్లు తిరగలేదు. తిరిగిన ఆ ఒక్కసారి వినబడి తిరిగిందా, నేల అదిరితే తిరిగిందా? రాత్రిపగలు ఇదే లెక్క. డాక్టరు దగ్గర మిషనుంది, అది చెబుతుంది. ఎంత తొందరగా తెలిస్తే అంత మంచిదని అక్కడి నర్సు ఫోన్లో చెప్పింది, "ఇప్పటికే ఆలస్యమైందమ్మా" అని కూడా అంది. ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

ఏడు కొట్టింది. తలుపు తీసి, ఊపిరి బిగబట్టి చూసింది.

పాయింట్ ఆరు. మైనస్ ఏడు.

తలుపు మూసింది. మళ్ళీ తీసింది. మైనస్ ఏడు పాయింట్ ఆరు. చలి ఆమె కోసం అంకె మార్చుకోలేదు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఫోన్లో ఆ అంకె చెబితే బస్సు లేదు, డాక్టరు లేడు, ఇంకో మూడు నెలలు ఆ రెండు గదుల్లో పళ్ళేలు పడేస్తూ కూర్చోవాలి. తన నోటితో తానే తలుపు మూసి గడియ పెట్టుకోవాలి. అబద్ధం చెబుదామంటే తాతగారి మాట అడ్డం.

అప్పుడు ఆమె ఊపిరి వదిలింది. కావాలని వదలలేదని తరవాత తనకు తాను చెప్పుకుంది. మొదటిది నిజంగానే కావాలని కాదు. రెండోది, మూడోది మాత్రం నోరు గుండ్రంగా చేసి, పసిదాని పాలు చల్లార్చేటప్పుడు ఊదినట్టు కాక, చేతులు వెచ్చబెట్టుకునేటప్పుడు ఊదినట్టు ఊదింది. పాదరసం సన్నగా పాకింది.

"డిపోనా అన్నా? మైనస్ ఆరు పాయింట్ రెండు."

"బతికించావు రీడింగమ్మా! మా హారన్ బాబాయి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పంపించేస్తున్నాను" అన్నాడు గుమాస్తా.

అబద్ధం చెప్పలేదు. థర్మామీటరులో ఉన్నదే చెప్పింది. పుస్తకంలోనూ అదే రాసింది. ఆ ఒక్క అంకె మాత్రం ముత్యంలా రాలేదు.

బస్సులో పదకొండు మంది ఉన్నారు. ముందు సీట్లో గుడ్లమ్మే ఆమె, ఒళ్ళో ఆరు అట్టల గుడ్లు. వెనక సీట్లో ఒక కొత్త తల్లి, చంకలో పసివాడు. మిగతావాళ్ళు మిల్లుకు పనికి పోయేవాళ్ళు. డ్రైవరు ప్రతి మలుపులో ఊరంతా లేచేలా హారను కొడతాడు కాబట్టి అందరికీ హారన్ బాబాయే.

"ఏం రీడింగమ్మా, ఎన్నడూ బస్సెక్కనిదానివి, ఇవాళ నీ చలిని నువ్వే చూడ్డానికి బయల్దేరావా?" అంది గుడ్లామె.

"డాక్టరు దగ్గరికి అక్కా" అంది ఆమె.

మొదటి మలుపు బాగానే దాటింది. కిటికీ అద్దాల మీద ఊపిర్లు పొగలా కమ్మాయి. చిట్టి ఒళ్ళో నిలబడి ఆ ఆవిరి మీద వేలితో గీతలు గీస్తోంది. రెండో మలుపులో బాబాయి హారను కొట్టాడు. కొండ ప్రతిధ్వనించింది. వెనక పసివాడు ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడ్చాడు. కునుకు తీస్తున్న మిల్లువాళ్ళు ఇద్దరు లేచి తిట్టుకున్నారు. చిట్టి వేలు ఆగలేదు. గీస్తున్న గీత వంకర కూడా పోలేదు.

ఆమె పిల్ల ముఖంలోకి చూస్తుండగానే బస్సు వెనక భాగం పక్కకు జరిగింది. ఎవరో చేత్తో తోసినట్టు మెత్తగా, చప్పుడు లేకుండా జరిగింది. లోయ వైపు అద్దంలో రోడ్డు కనబడ్డం మానేసింది, చెట్ల కొసలు కనబడ్డాయి. గుడ్లామె "అమ్మో!" అంది. ఒక అట్ట జారింది. వెనక చక్రం అంచున పోసిన కంకర కుప్పలో కూరుకుని బస్సు ఆగింది.

హారన్ బాబాయి చెమట తుడుచుకుని నవ్వడానికి ప్రయత్నించాడు.

"ఏం లేదు, ఏం లేదు. ఇక్కడేదో నీళ్ళు కారి గడ్డకట్టినట్టుంది. చలి ఆరేగా, ఉప్పు పట్టే ఉంటుంది. ఇది దాటితే ముందంతా బాగానే ఉంటుంది." గేరు మీద చెయ్యి వేశాడు.

ముందు ఇంకా ఏడు మలుపులున్నాయి. ఏడూ నీడలోవే, ఇంతకన్నా వాలు. అతడు తన కళ్ళను నమ్మడం లేదు, ఆమె అంకెను నమ్ముతున్నాడు.

చిట్టిని గుండెకు అదుముకుని ఆమె లేచి నిలబడింది. "బాబాయ్, ఆపు. ముందుకు పోనివ్వకు."

"భయపడకమ్మా, కూర్చో."

"ఆరు కాదు బాబాయ్. ఏడున్నర దాటింది. నేను... దాని మీద ఊదాను."

"ఊదావా? దేని మీద?"

"థర్మామీటరు మీద. బస్సు రావాలని."

బాబాయి ఇంజను ఆపేశాడు. తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. వెనక్కి తిరిగి ఆమెను చూశాడు గానీ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు. ఆ లోటు మిగతా వాళ్ళు తీర్చారు.

"చదువుకోని దాని చేతిలో పదిమంది ప్రాణాలు పెడితే ఇంతే!"

"మా పిల్లలకు నువ్వు పెడతావా తిండి?"

"నీ నోట్లో అంత ఎండ ఉంటే మొన్నే ఊదకపోయావా తల్లీ, మా బట్టలన్నా ఆరేవి!" అంది గుడ్లామె, పగిలిన ఆరు గుడ్లు ఏరుకుంటూ.

ఎవరో ఫక్కుమన్నారు, వెంటనే నోరు మూసుకున్నారు. దిగి నడుద్దామంటే దిగిన మొదటివాడే రెండడుగులకు వెల్లకిలా పడ్డాడు. వాణ్ణి పైకి లాగారు. పొద్దు ఈ మలుపు మీదికి వచ్చేదాకా ఎవరూ కదలకూడదన్నాడు బాబాయి. పొద్దు వచ్చేది పదకొండు దాటాకే. డిపోకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. గుమాస్తా గొంతు ఫోన్లోంచి బస్సు చివరి దాకా వినబడింది.

మూడు గంటలు. డీజిలు అయిపోతుందని ఇంజను మళ్ళీ వేయలేదు, హీటరూ లేదు. పదకొండు మంది, ఒక ఇనప డబ్బా, అందరికీ మధ్యన ఆమె. కిటికీలోకి చూద్దామంటే ఆవిరి గడ్డకట్టి తెల్లగా అయిపోయింది. తల వంచుకుని కూర్చుంటే మెడ మీద అందరి చూపులూ సూదుల్లా గుచ్చుకుంటున్నాయి. ఇంట్లో రెండు గదులన్నా ఉన్నాయి, ఇక్కడ సీటు మారడానికి కూడా మొహం లేదు.

గంట గడిచాక గుడ్లామె వచ్చి పక్కన కూలబడింది. కోపం తగ్గి కాదు, కాళ్ళు కొయ్యబారి.

"అసలేంటే నీ తొందర? ఎవరికేమైంది?"

"పాపకి అక్కా. వినబడుతుందో లేదో తెలీదు. డాక్టరు ఇవాళొక్కరోజే ఉంటాడు."

గుడ్లామె చిట్టి తల వెనక్కి చేతులు పోనిచ్చి గట్టిగా ఒక్కసారి చప్పట్లు చరిచింది. వెనక కొత్త తల్లి పసివాడు మళ్ళీ లేచాడు. చిట్టి తన చేతి తొడుగు విప్పే పనిలో మునిగి ఉంది.

"ఇంకోసారి కొట్టు అక్కా."

"ఎందుకే? నువ్వు చూశావు, నేను చూశాను."

అంతే అంది. తరవాత పిల్ల మోచేతి మీద రెండుసార్లు తట్టింది. చిట్టి తిరిగి చూసింది. గుడ్లామె పళ్ళన్నీ బయటపెట్టి, కళ్ళు పెద్దవి చేసి, పగలని గుడ్డొకటి ఆ చేతిలో పెట్టింది. చిట్టి దాన్ని చూసింది, ఆమెను చూసింది, పగలబడి నవ్వింది. గుడ్డు నేల మీద పడి చితికిపోయింది.

"ఇది ఏడోది. దీని ఖరీదు మాత్రం నీ దగ్గరే వసూలు చేస్తాను" అని గొణిగి, గుడ్లామె తన శాలువా కొస పిల్ల కాళ్ళ మీదికి లాగింది.

పదకొండున్నరకు ఎండ వచ్చింది. బాబాయి దిగి, ముందు మలుపు దాకా చేతికర్రతో పొడుచుకుంటూ నడిచి వచ్చి తల అడ్డంగా ఊపాడు.

"కిందికి పోలేం. నీడలో అంతా గాజే. వెనక్కే."

పట్నం నర్సుకు ఫోన్ చేస్తే, "ఒంటిగంటకి డాక్టరుగారు వెళ్ళిపోతారమ్మా. మళ్ళీ మూడు నెలలకే. పేరు రాయమంటారా?" అంది. ఆమె రాయమంది. ఫోను పెట్టేశాక ఆమెకు ఏడుపు రాలేదు.

బస్సు ఆయాసపడుతున్నట్టు మూలుగుతూ పైకెక్కింది. దిగేటప్పుడు బాబాయి అన్నాడు: "రేపు ఏడింటికి నేను మీ పెరట్లో ఉంటాను. నువ్వు చూస్తావు, నేనూ చూస్తాను. గుమాస్తా మాట ఇది, నా మాట కూడా."

"రా బాబాయ్" అంది.

ఇకనుంచి ఆ నాలుగు నిమిషాలు కూడా ఆమెవి కావు.

ఇంటికొచ్చి పుస్తకం తీసింది. ఆరు పాయింట్ రెండు మీద ఒక్క గీత కొట్టి, కింద ఏడు పాయింట్ ఆరు రాసింది. రిమార్కుల గడిలో 'చూసిన మనిషి ఊపిరి తగిలింది' అని రాసి సంతకం పెట్టింది. నెలాఖరున ఆ కాగితం ఆఫీసుకు పోతుంది. పోనీ.

అత్తగారు గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. చిట్టి పొయ్యి ఎదుట నేల మీద కూర్చుని, వీపు ఇటు పెట్టి, ఖాళీ డబ్బాలు పేరుస్తోంది.

"ఏమన్నాడే డాక్టరు?"

"డాక్టరు దాకా పోలేదు అత్తయ్యా. దానికి వినబడదు."

"పోకుండానే ఎట్లా తెలిసింది? నోటికొచ్చిందల్లా అనకు." అత్తగారు గొంతు పెంచింది. "చిట్టీ!"

డబ్బా మీద డబ్బా లేచింది.

"చిట్టీ! ఇటు చూడవే!"

ఆమె అత్తగారి చేతిలో గరిటె తీసుకోలేదు, మాట అడ్డం వేయలేదు. పొయ్యి చుట్టూ తిరిగి వెళ్ళి, పిల్లకు ఎదురుగా గొంతుక్కూర్చుంది. మోచేతి మీద రెండుసార్లు తట్టింది. చిట్టి తలెత్తింది. ఆమె తన నోటి దగ్గర వేళ్ళు పెట్టి, అన్నం ముద్ద తిన్నట్టు చూపించింది. పిల్ల డబ్బా వదిలేసి, తన నోటి దగ్గరా వేళ్ళు పెట్టుకుంది.

అత్తగారు మూడోసారి పిలవడానికి నోరు తెరిచింది. పిలవలేదు.