పొయ్యి లేని ఇంటికి ఓవెన్

ఆ ఇంట్లో పొద్దున్నే పాలు కాగేది పొయ్యి మీద కాదు, ఇల్లాలి అరచేతుల్లో. ఐదింటికి లేచి, మొహం కడుక్కుని, పాలగిన్నె రెండు చేతుల్తో పట్టుకుని వంటింటి కిటికీ దగ్గర నిలబడుతుంది. ఏడెనిమిది నిమిషాలకి పాలు పొంగుతాయి. తర్వాత కాఫీ నీళ్ళు. ఆ తర్వాత రొట్టె. రొట్టెకి నలభై నిమిషాలు. పిండి పెట్టిన రేకు డబ్బాకి కింద ఒక చెయ్యి, పైన ఒక చెయ్యి వేసి పట్టుకోవాలి. వేడి వృథాగా పోకుండా చేతుల చుట్టూ దుప్పటి ముక్క చుట్టుకోవాలి. మధ్యలో వదిలితే పిండి చతికిలబడుతుంది. అందుకని ఆ నలభై నిమిషాలూ ముక్కు దురద పెట్టినా గోక్కోవడానికి లేదు.

ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇదే వరస. వీధిలో వాళ్ళకీ అలవాటైపోయింది. ఎవరింట్లో పుట్టినరోజు వచ్చినా కేకు పిండి కలిపి తెచ్చి, "కాస్త చూడు వదినా" అని చేతిలో పెట్టి పోతారు. కాస్తేనట! వాళ్ళు ఇంటికెళ్ళి టీవీలో సీరియల్ చూసి తాపీగా వచ్చేదాకా ఈవిడ నిలబడే ఉంటుంది. మోకాళ్ళు లాగుతాయి, నడుం పట్టేస్తుంది. పడుకునే వేళకి ఒళ్ళు హూనం.

వేడి అరచేతుల వరకే. కానీ అరచేతులు లేకుండా మనిషికి ఏ పని సాగుతుంది? పుస్తకం పట్టుకుంటే అంచులు గోధుమరంగుకి తిరుగుతాయి. తల దువ్వుకుంటే దువ్వెన వంకరపోతుంది. కొడుకు పుట్టినప్పుడు వాణ్ణి ముంజేతుల మీదే ఎత్తుకుంది, ముంజేతుల మీదే జోకొట్టింది.

ఈ వేడి ఆమెకి పుట్టింటి నుంచి వచ్చింది కాదు. పెళ్ళైన మూడో నెలలో ఒక ఆదివారం, చుట్టాలందరూ కూర్చుని ఉండగా, అత్తగారు ఆమె రెండు చేతులూ పట్టుకుంది. పది లెక్కపెట్టేలోపు వేడి ఇటు వచ్చేసింది. ఆ ఇంట్లో దాన్ని చెయ్యి ఇవ్వడం అంటారు. అత్తగారికి వాళ్ళ అత్తగారు ఇచ్చింది, ఆవిడకి మరో అత్తగారు. అప్పటినుంచి అత్తగారి చేతులు మంచుముద్దలయ్యాయి. ఇప్పుడు ఆవిడ ఎనభై దాటిన పెద్దావిడ. నడి ఎండాకాలంలో కూడా చేతులు దుప్పటి కింద పెట్టుకుని, హాల్లో కుర్చీలో కూర్చుని, వచ్చేపోయే వాళ్ళకి వంకలు పెడుతూ ఉంటుంది.

నాలుగు నెలల కిందట కొడుక్కి పెళ్ళయింది. కోడలు ఎలక్ట్రీషియన్. ఒక షాపు తరఫున ఇళ్ళకి వెళ్ళి వైరింగు చేస్తుంది, ఓవెన్లూ గీజర్లూ బిగిస్తుంది. ఈ ఇంటి సంగతి పెళ్ళికి ముందే కొడుకు చెప్పాడు, ఒప్పుకునే వచ్చింది. ఇక మిగిలింది చెయ్యి ఇవ్వడమే. నెలాఖరు ఆదివారం పెట్టుకుందామని ఇంటాయన అన్నాడు. "నువ్వూ అలిసిపోయావు కదా," అని కూడా అన్నాడు పాపం, రొట్టె నములుతూ.

ఇచ్చేద్దామనే ఉంది ఇల్లాలికి. అబద్ధమెందుకు? ఆదివారం ఎప్పుడొస్తుందా అని రోజులు లెక్కపెట్టుకుంది. నా వంతు మోశాను, ఇక దాని వంతు అనుకుంది. ఒకప్పుడు అత్త కూడా కోడలే అన్న మాట అందరికీ తెలుసు, తన వంతు వచ్చేసరికి ఎవరికీ గుర్తుండదు.

ఒక సాయంత్రం కోడలు గచ్చు మీద కూర్చుని తన కటింగ్ ప్లేయర్లూ స్క్రూడ్రైవర్లూ నూనె గుడ్డతో తుడుస్తోంది. ఒక్కొక్కదాన్నీ కాగితంలో చుట్టి పక్కన పెడుతోంది. ఎందుకమ్మాయ్ అని అడిగింది ఇల్లాలు.

"మా షాపులో కొత్తగా ఒకావిడ చేరింది అత్తయ్యా. తనకి ఇచ్చేద్దామని. ఇంక నాకు పనికిరావుగా."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది, తిరిగి ఓ మాట అనడానికి వీలుండేది. గచ్చు మీద ఒక వైరు ముక్క పడి ఉంటే ఇల్లాలు వంగి తీసింది. మూడు క్షణాలు కాకముందే దాని పైపొర మెత్తబడి అరచేతికి అతుక్కుపోయింది, లోపలి రాగి తీగలు బయటపడ్డాయి. కోడలు అటు చూసి, తల వంచుకుని మళ్ళీ తుడుచుకోసాగింది. ఆ పూట ఇల్లాలికి అన్నం సయించలేదు.

మర్నాడే ఓవెన్ కావాలంది. అలమారలో బిగించే రకం, కరెంటుది, కోడలి షాపులోనే దొరుకుతుంది. ఇంటాయన ఆశ్చర్యపోయి, చేతులుండగా ఓవెన్ ఎందుకన్నాడు. పెద్దావిడ అయితే కుర్చీలోంచే కొట్టిపారేసింది. ఓవెన్ వస్తే పని తప్పుతుందేమో గానీ వేడి ఎక్కడికి పోతుంది, అది మనిషి నుంచి మనిషికే పోవాలి, తలుపుకీ గోడకీ పోదు అంది. మాట నిజమే. అయినా ఇల్లాలు ఓవెన్ కావాలనే అంది.

ఓవెన్ గురువారం మధ్యాహ్నం వచ్చింది, కోడలు పనిలో ఉండగా. కోడలు వచ్చేదాకా ముట్టుకోవద్దని ఇల్లాలు చెబుతూనే ఉంది. వింటేనా! ఇంటాయనా ఆయన తమ్ముడూ కలిసి దాన్ని అలమారలోకి తోసేశారు. తరతరాలుగా పొయ్యే లేని ఇల్లు, పెద్ద కరెంటు లాగే వస్తువు ఏదీ ఎరగని ఇల్లు. వైర్లన్నీ దీపాలకి సరిపడా సన్నవి. ఫ్రిజ్జూ ఫ్యానూ నడిచే ఎక్స్‌టెన్షన్ బాక్సుకే ఓవెన్ వైరు కూడా తగిలించారు. అంతటితో ఆగలేదు. వేడి వృథా పోకూడదన్నది ఆ ఇంటి వేదం కదా, ఓవెన్ చుట్టూ, వెనకా ఉన్న ఖాళీలో పాత దుప్పట్లు కుక్కారు. రొట్టె పట్టుకునేటప్పుడు చేతులకి చుట్టినట్టే అన్నమాట. పావుగంటలో బాక్సు నల్లబడి కరిగింది. దుప్పటి అంచు నుంచి పొగ లేచింది. ఇల్లంతా కాలిన రబ్బరు కంపు.

సరిగ్గా అప్పుడే వచ్చింది కోడలు. ముందు మెయిన్ స్విచ్ కట్టేసి, దుప్పట్లు లాగి పెరట్లో పారేసి, ఓవెన్ని చల్లారనిచ్చి, అప్పుడు కూర్చుని మంచినీళ్ళు తాగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇంటాయన కొత్త బాక్సు కొనుక్కొస్తానన్నాడు.

"బాక్సు కాదు మావయ్యా, దీనికి దాని సొంత లైను కావాలి. ఇంకో వస్తువు దాంతో పంచుకోకూడదు. వెనక గాలి ఆడాలి. ఊపిరాడకుండా చుట్టేస్తే ఏదైనా కాలిపోతుంది."

తర్వాతి రెండు రోజులూ షాపు నుంచి రాగానే కోడలు అదే పని. మీటరు బోర్డు నుంచి లావుపాటి వైరు విడిగా లాగింది. దానికి విడిగా బ్రేకరు పెట్టింది, ఎర్త్ వైరు కలిపింది. ఓవెన్ స్విచ్ దాని వెనక కాకుండా పక్కన గోడ మీద, చెయ్యి చాస్తే అందేట్టు బిగించింది. అలమార వెనక చెక్క కోసి గాలికి దారి చేసింది. లెవెల్ బద్ద పెట్టి చూసి, తలుపు తెరిచినప్పుడు ముందుకి ఒరగకుండా రెండు పక్కలా స్క్రూలు బిగించింది. ఇల్లాలు పక్కనే కూర్చుని టార్చి లైటు మోచేతి వంపులో ఇరికించుకుని వెలుతురు పట్టింది. చేత్తో పట్టుకుంటే టార్చి మిగలదు.

కోడలి వేళ్ళనే చూస్తూ కూర్చుంది. వైరు చివర పొర ఒలిచి, రాగి తీగల్ని బొటనవేలితో మెలిపెట్టి, బిగించి, ఒకసారి లాగి చూసుకునే ఆ వేళ్ళు. ఆ పిల్ల పని చేస్తున్నంతసేపూ ఏదో కూనిరాగం తీస్తోంది. ఆ సంగతి దానికే తెలియదు. తనకి ఏ పనిలోనైనా అలా రాగం వచ్చిందా అని ఇల్లాలు వెనక్కి వెతుక్కుంది. రాలేదు.

శనివారం చీకటి పడకముందే పని పూర్తయింది. కిటికీలు తెరిచి, లోపల ఏమీ పెట్టకుండా అరగంట ఎక్కువ వేడి మీద ఉంచింది కోడలు. ఫ్యాక్టరీలో పూసిన నూనె కాలి పోవాలంట, కంపొస్తే భయపడొద్దంది. ఆ అరగంటా ఇద్దరూ గుమ్మంలో కూర్చున్నారు.

"నీకు ఇవ్వను అమ్మాయ్," అంది ఇల్లాలు.

కోడలు ఇటు తిరిగింది. "మరి మీ సంగతో?" అంది.

"నాకు అలవాటేలే."

అలవాటు కాదు. ఇరవై తొమ్మిదేళ్ళైనా అలవాటు కాలేదు. ఆ మాట పైకి అంటే రేపు చేతులు వాటంతట అవే ముందుకి పోతాయేమోనని భయం.

ఆదివారం రానే వచ్చింది. ఇంటాయన తమ్ముడూ మరదలూ వచ్చారు, ఆడపడుచు వచ్చింది. హాల్లో పెద్దావిడ చుట్టూ కూర్చున్నారు. వంటింట్లో రొట్టె ఓవెన్లో ఉంది. నలభై నిమిషాలు! ఇల్లాలు ఆ నలభై నిమిషాలు ఏం చెయ్యాలో తోచక అరచేతులు పైకి తిప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కానివ్వండి మరి అన్నాడు మరిది. కోడలు లేచి చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఇల్లాలి ఎదురుగా కూర్చుంది. మాట ఇచ్చి వచ్చిన పిల్ల. రెండు చేతులూ చాచింది.

జానెడు దూరం. పది లెక్కపెట్టేంత సేపు. ఇల్లాలికి ఒంట్లో అలసటంతా ఒక్కసారి అరచేతుల్లోకి దిగింది. పట్టుకో, అయిపోతుంది అని ప్రాణం కొట్టుకుంది. కళ్ళు మూసుకుని రెండు చేతులూ వీపు వెనక పెట్టేసుకుంది.

"నేను ఇవ్వను."

ఆడపడుచు అంది, "ఇవ్వకపోతే ఏం చేస్తావ్ వదినా, పోయేదాకా మోస్తావా?"

"మోస్తాను."

అప్పుడు పెద్దావిడ దుప్పటి కిందనుంచి తన చేతులు బయటికి తీసింది. పాలిపోయి, గోళ్ళు నీలంగా ఉన్నాయి. "ఇటు తే," అంది.

"మీకెందుకత్తయ్యా? ఈ వయసులో..."

"ఈ వయసులో నేను ముట్టుకోవాల్సిన వస్తువులేం మిగిలాయి గనక? ఆ రోజుల్లో ఇది ఉత్త వేడి కాదు, వెనకాలే చాకిరీ. ఆ చాకిరీ ఒదుల్చుకుందామని నీ చేతిలో పెట్టేశాను. అలా అంటగట్టినందుకే ముప్పై ఏళ్ళు చలికి వణికాను. ఇప్పుడు చాకిరీ ఆ పెట్టె చూసుకుంటోంది. ఉత్త వేడి నాకు చేదా?" ఊపిరి తీసుకుని, గొంతు తగ్గించింది. "నిన్ను అడక్కుండా ఇచ్చాను. ఇప్పుడు అడిగి తీసుకుంటున్నా. ఇవ్వు."

మరి నీ తర్వాత ఎవరికమ్మా అని అడిగింది ఆడపడుచు.

"నాతోనే పోతుంది. ఇంక ఎవరి చేతులూ పట్టుకోను."

ఇల్లాలు లేచి వెళ్ళి పెద్దావిడ కాళ్ళ దగ్గర గచ్చు మీద కూర్చుని చేతులు ఇచ్చింది. మరిది అలవాటుగా పది దాకా లెక్కపెట్టాడు. ఏడు దగ్గరే పెద్దావిడ చెంపలకి రంగొచ్చింది. పది కాగానే కాలితో దుప్పటి పక్కకి తోసేసి, ఈ ఫ్యాను ఎవరైనా పెద్దది చెయ్యండర్రా అంది. మరదలు మంచినీళ్ళు అడిగింది. మాటలు వేరే సంగతుల్లో పడ్డాయి.

వంటింట్లో ఓవెన్ గంట కొట్టింది. గంట వినగానే ఇల్లాలు లేచింది. ఎన్నేళ్ళుగానో కాలే గిన్నెలన్నీ ఉత్త చేతుల్తో దించిన మనిషి. ఓవెన్ తలుపు తెరిచి, లోపలి పళ్ళెం రెండు చేతుల్తో పట్టుకుంది.

పళ్ళెం గచ్చు మీద పడిన చప్పుడుకి కోడలు పరిగెత్తుకొచ్చింది. రొట్టె దొర్లి అలమార కిందకి పోయింది. కోడలు ముందు ఓవెన్ స్విచ్ కట్టేసి, అత్తగారి మణికట్లు పట్టుకుని సింకు దగ్గరికి లాక్కెళ్ళి ట్యాపు తిప్పింది. గుడ్డ లేకుండా పట్టుకుంటారా ఎవరైనా, చిన్నపిల్లలా మీరు, ఇంకోసారి ఇలా చేస్తే వంటింట్లోకే రానివ్వను అని తిడుతూనే ఉంది. వేళ్ళ చివర్లు ఎర్రగా కందిపోయాయి. ఇల్లాలు వాటినే చూస్తోంది. నీళ్ళు అరచేతుల మీదనుంచి జారిపోతున్నాయి. ఆవిరి లేదు, చుయ్యిమనడం లేదు. చల్లటి నీళ్ళు.

"బాగా మండుతోందా అత్తయ్యా?"

"మండుతోందే," అంది ఇల్లాలు. మాట పూర్తి కాకుండానే ఏడుపొచ్చేసింది. "బాగా మండుతోంది."

ఇరవై నిమిషాలైనా నీళ్ళ కింద ఉంచాలంది కోడలు. తన రెండు చేతుల మధ్య అత్తగారి చేతులు పెట్టుకుని, నీళ్ళు పోనిస్తూ, అలాగే నిలబడింది.