కుట్టుమిషన్ దగ్గర ఆగిన నవల

నేను ఒక చిన్న ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దుతాను. ఎవరూ పట్టించుకోక మూలన పడిపోయిన పాత నవలల్ని వెతికి మళ్ళీ అచ్చు వెయ్యడం మా సంస్థ నెత్తికెత్తుకున్న పని. ఒకరోజు మా సంపాదకుడు ఒక రచయిత్రి పేరు చెప్పి, ఈవిడ అసలు ఉన్నారో లేరో ఎవరికైనా తెలుసా అని అడిగాడు. ఆవిడ మా అత్తగారు. పొద్దున ఆవిడ కలిపిచ్చిన కాఫీ తాగే ఆఫీసుకి వచ్చాను.

ఆవిడ ఒక నవల రాశారని పెళ్ళైన కొత్తలో విన్నాను గానీ కళ్ళతో చూడలేదు. ఇంట్లో ఉన్న ప్రతులు ఇళ్ళు మారడంలో ఎటో పోయాయి. ఒక పాత గ్రంథాలయంలో ఒకే ఒక్కటి దొరికింది. మొదలుపెట్టాక భోజనం సంగతి మర్చిపోయాను. అవసరానికి తప్ప నోరు విప్పని భర్త, ఆ ఇంట్లో ఒక భార్య. గోడలతో మాట్లాడుకుని విసిగిపోయి, చివరికి సంచి సర్దుకుని గేటు దగ్గర నిలబడుతుంది. పేజీ తిప్పాను. కుట్టుమిషన్‌లో దారం ఎందుకు తెగుతుందో, సూది ఎలా మార్చాలో బొమ్మలతో సహా ఉంది.

ఈ ప్రతి బైండు చేసిన మహానుభావుడు చివరి పేజీల కట్ట ఇంకో పుస్తకానిది తీసి దీనికి కుట్టేశాడు.

అత్తగారికి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇన్నేళ్ళలో ఆ గ్రంథాలయంలో ఇదేంటని ఒక్కరూ అడగలేదన్నమాట. అంటే గేటు దాకా వచ్చినవాళ్ళే లేరు" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

పోయిన పేజీలు ఆవిడే మళ్ళీ చెప్పాలి. లేకపోతే పుస్తకం రాదు. ఆదివారం సాయంత్రం లోపల అందకపోతే ఆ చోట్లో ఇంకో నవల వేసేస్తానని సంపాదకుడు తేల్చి చెప్పాడు. చెయ్యి వణుకుతుంది కాబట్టి ఆవిడ చెబితే నేను రాసుకోవాలి. వారమంతా గుర్తులేదంటూ దాటేశారు. గుర్తులేకపోవడం కాదని నాకు తెలుస్తూనే ఉంది. మామగారు ఎప్పుడూ మేం కూర్చునే ముందుగదిలోనే, కిటికీ పక్క కుర్చీలో, పేపరు వెనక ఉంటారు.

ఆదివారం మావారు ఊళ్ళో లేరు. బావగారు మాత్రం దిగబడ్డారు. నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి మాట్లాడారు. అందులో భర్త ఎవరో చుట్టాల్లో పసిపిల్లాడు కూడా చెప్పేస్తాడట. ఈ వయసులో నాన్న నలుగురిలో తలెత్తుకోవద్దా అన్నారు. నవల్లో భార్య గేటు దగ్గర్నించి వెనక్కి వచ్చేసినట్టు రాయించమన్నారు. నేను రాయించేదాన్ని కాదు, రాసుకునేదాన్ని అన్నాను. ఆయన మొహం మాడ్చుకుని ముందుగదిలోకి వెళ్ళి తల్లికి అదే మాట చెప్పారు, తండ్రి వింటుండగానే.

అత్తగారు నావైపు తిరిగి, "రాసుకో అమ్మాయ్" అన్నారు. "గేటు గడియ తీసింది. వెనక్కి చూడలేదు."

నా పెన్ను కాగితం మీద కదిలింది. బావగారు లేచి నిలబడ్డారు. మామగారి పేపరులో పేజీ తిరిగి చాలాసేపైందని అప్పుడు గమనించాను.

"అలా లేదు" అన్నారు మామగారు.

ముగ్గురం ఆయన వైపు చూశాం. పేపరు దించలేదు.

"పాలు పొయ్యి మీద పెట్టిన సంగతి గుర్తొచ్చి వెనక్కి వస్తుంది. అక్కడితో అయిపోతుంది."

ఈయన ఆ నవల ముట్టుకోనైనా లేదని ఇంట్లో అందరి నమ్మకం. బావగారికి ప్రాణం లేచొచ్చింది. "విన్నావా అమ్మా, ఉన్నది ఉన్నట్టు వెయ్యడమేగా వీళ్ళ పని? అదే చెప్పు."

"ఎప్పుడు చదివారు?" అన్నారు అత్తగారు, భర్తతో.

"అచ్చై ఇంటికి వచ్చిన రోజే."

"ఒక్క మాట అనలేదు."

"ఏమనను? అంతదూరం వచ్చిన మనిషి పాలకోసం వెనక్కి పోతుందా? నేను నమ్మలేదు." పేపరు ఇంకాస్త పైకెత్తారు. "నమ్మలేదని చెబితే, నువ్వు నిజంగా వెళ్ళిపోతావని ఊరుకున్నా."

బావగారు చెప్పులు వేసుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. అత్తగారు చీర చెంగు చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నారు. ఇక ఈ పుస్తకం లేనట్టే అనుకున్నాను. గడియారం వైపు చూడటానికి కూడా భయమేసింది.

"అప్పుడు మీరు చదువుతారని భయపడి అలా రాశాను" అన్నారు చివరికి. నాతో, "ఇందాకటిది కొట్టేసి, పాలు పొయ్యి మీద ఉన్నాయని ముందు రాయి. వెనక్కి వచ్చింది, పొయ్యి ఆర్పింది. అది పాతది. దాని కింద ఒక గీత గియ్యి. ఇక్కణ్ణించి ఇప్పుడు రాసిందని వెయ్యమను మీ సంపాదకుణ్ణి. దొంగతనమేం లేదు."

రాశాను. గీత గీశాను.

"పొయ్యి ఆర్పి, మళ్ళీ సంచి అందుకుంది" అన్నారు. "ఈసారి గేటు కూడా వేసింది."

మామగారు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఎటు వెళ్ళింది?" అని అడిగారు.

"చెబితే గానీ నాకూ తెలీదు" అన్నారు అత్తగారు. "వినండి."